నూకయ్య పాకం, నా థర్మామీటరు

పెనం నిండా బెల్లం పాకాన్ని మాడ్చిన వాళ్ళు మా అనకాపల్లి చుట్టుపక్కల చాలామందే ఉంటారు. కానీ చేతిలో థర్మామీటరు పట్టుకుని, డిగ్రీలు పైకి చదువుతూ, శాస్త్రప్రకారం మాడ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ నేరం ఇరవై నాలుగేళ్ళుగా నూకయ్య అనే పెద్దమనిషి పేరున చలామణీలో ఉంది. నాకు యాభై దాటాయి. మోకాళ్ళు అరిగాయి. అబద్ధం మొయ్యడానికి కూడా ఓపిక కావాలి కదా, అది అయిపోయింది. అందుకని దించేస్తున్నాను.

నేను ఫిజిక్సు మాస్టారిని. ఏటేటా అదే పాఠం, అదే సుద్దముక్క. వేడి వస్తువునీ చల్లని వస్తువునీ తాకించి ఉంచితే, రెండూ సమానమయ్యేదాకా వేడి దాన్నుంచి దీనికి పోతూనే ఉంటుంది. సమానమయ్యాక ఆగుతుంది. దాన్ని ఉష్ణ సమతాస్థితి అంటారు. థర్మామీటరు చూపించేది ఎప్పుడూ తన సొంత ఉష్ణోగ్రతనే. కొలిచేదాన్ని తాకుతూ, దానితో సమానమయ్యేదాకా ఉంటేనే దాని మాట నమ్మాలి. నిద్రలో లేపి అడిగినా ఇది అప్పజెబుతాను. అప్పజెప్పడంలో నాకెప్పుడూ ఇబ్బంది లేదు.

పెళ్ళయిన ఏడాది చెరకు ఆడే రోజుల్లో తుమ్మపాల అవతల మా మామగారి ఊరికి వెళ్ళాను. ఆయనకు సొంత గానుగ ఉండేది. అక్కడ పాకం చూసే మనిషి నూకయ్య. ఉడికే పాకాన్ని చెంబులోని చన్నీళ్ళలో రెండు చుక్కలు వేసేవాడు. కాసేపు ఆగి, వేళ్ళతో ఉండ చేసి చెంబుకేసి కొట్టేవాడు. టక్కుమంటే పెనం దించాల్సిందే. ఆ వేళ్ళంటే చుట్టుపక్కల గానుగలన్నిటికీ గురి.

ఆ రోజు పట్నం నుంచి షావుకారు మచ్చు చూడడానికి వస్తున్నాడు. బెల్లం పచ్చగా మెరిస్తే ఆ ఏటి పంటంతా ఆయనే తీసుకుంటాడు. మామగారు పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. అల్లుడి నోట్లో శని ఉంటుందంటారు. నాకు చేతిలో ఉంది. గాజుది, జానెడు పొడవు, రెండు వందల దాకా గీతలున్నది.

"చెంబుతో ఏం చూస్తారు మామయ్యా! నూట పద్దెనిమిది డిగ్రీల దగ్గర దించితే సరి. లెక్కుంది," అన్నాను.

మామగారు నూకయ్యను చూశారు. నూకయ్య మంటను చూశాడు. పెళ్ళయిన ఏడాది లోపల అల్లుణ్ణి కాదనగల మామగారు మా ప్రాంతంలో ఇంకా పుట్టలేదు.

"సర్లే నూకయ్యా, ఇయ్యాల్టికి అల్లుడుగారు సెప్పినప్పుడే దించు," అనేసి, షావుకారుకు ఎదురెళ్ళారు.

థర్మామీటరు పాకంలో ముంచాను. పైన పొగమంచులా ఆవిరి, గాజు నిండా జిగురు. గీతలు కనబడితేగా! అందుకని బయటికి తీసి, తడి తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, వెలుతురుకెత్తి, వేంకటేశ్వరస్వామి హారతిని చూసినట్టు చూశాను.

"నూట రెండు."

"దించీమంటారా బాబూ?" అన్నాడు నూకయ్య.

"ఇంకా పదహారు డిగ్రీలు కావాలి. పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదొయ్యి."

ఎగదోశాడు. మళ్ళీ ముంచాను, తీశాను, తుడిచాను. నూట నాలుగు.

నూకయ్య చెంబుకేసి ఉండను కొట్టాడు. "బాబూ, ఉండ మోగతంది. ఇన్నారా?"

"ఉండలు మోగుతాయి నూకయ్యా. డిగ్రీలు మోగవు. మంట పెంచు."

"వాసనొత్తంది బాబూ."

"వాసనకు యూనిట్లు లేవు."

ఇక్కడ ఏం జరుగుతోందో మీకు తెలిసిపోయి ఉంటుంది. మా తొమ్మిదో తరగతి ఆఖరి బెంచీకి కూడా తెలిసిపోతుంది. జ్వరం చూసే గాజుగొట్టంలో పైకెక్కిన పాదరసం, నోట్లోంచి తీసినా విదిలించేదాకా కిందికి దిగదు. లేబొరేటరీదానికి ఆ మర్యాద లేదు, బయటికి తీసిన క్షణం నుంచి జారిపోతుంది. పైగా నేను తడిగుడ్డతో తుడుస్తున్నాను. అంటే అంతసేపూ నేను కొలిచింది పాకాన్ని కాదు, నా తువ్వాలును. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను క్లాసులో గెలిచి పొయ్యి దగ్గర ఓడాను.

నేను నాలుగోసారి తుడుచుకుంటూ ఉండగా, నూకయ్య గానుగ దగ్గర మనుషుల్ని కేకేసి నన్నడక్కుండా పెనం దించేశాడు. అప్పటికే పాకం నా తలవెంట్రుకల రంగులో ఉంది. అప్పట్లో నా జుట్టు చాలా నల్లగా ఉండేది.

అదే సమయానికి మామగారి వెనకాల షావుకారు వచ్చాడు. పెనంలోకి తొంగిచూశాడు.

"ఏటండిది? బెల్లం వండేరా, రోడ్డెయ్యడానికి తారు కాసేరా? సారా కాసీవోళ్ళు కూడా ముట్టరు దీన్ని. పాకం సూసిందెవరు?"

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. కానీ నోటికంటే ముందు చెయ్యి కదిలి, సగం జిగురుతోనే థర్మామీటరును చొక్కా జేబులోకి తోసేసింది.

"నేనే బాబూ," అన్నాడు నూకయ్య. "కళ్ళానడం నేదు. సెయ్యి తప్పింది."

తెరిచిన నోరు మూసుకున్నాను.

షావుకారు ఆ మాటను బెల్లం మార్కెట్టంతా పంచిపెట్టాడు. నూకయ్య చెయ్యి తప్పిందట. ఆ తరవాత రెండేళ్ళు అతన్ని పాకం చూడమని ఎవరూ పిలవలేదు. పొయ్యిలోకి పిప్పి ఎగదొయ్యడానికి పిలిచారు. నేను అటు వెళ్ళినప్పుడల్లా దూరం నుంచి చూసి, వేరే దారిన పోయేవాణ్ణి.

పోయిన నెలలో ధైర్యం చేసి ఆ థర్మామీటరు తీసుకుని వెళ్ళాను. మామగారి ఊళ్ళో టీకొట్టు బల్ల మీద నూకయ్య కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. రెండు టీలు చెప్పి, పక్కన కూర్చున్నాను.

"నూకయ్యా, ఆ రోజు తప్పు నాది."

"నాకు తెల్దేటి బాబూ? నేనక్కడే ఉన్నాను కదా."

"అంటే, ఇంకెవరికీ తెలీదు కదా..."

"మీ మావగారికి ఆ సాయంత్రమే తెలిసిపోనాది. మీ సొక్కా కొక్కేనికి తగిలించేరు. జేబుకి సీమలు బారు కట్టీసినాయి."

"మరి మామయ్య నన్నొక్క మాటా అనలేదే!"

"కొత్తల్లుడు కదా. సీమలు దులిపించీసి, సొక్కా ఉతికించీసేరు."

నా టీగ్లాసు బల్ల మీద పెట్టేశాను. "నువ్వెందుకు మీదేసుకున్నావయ్యా?"

"అల్లుడు తప్పేడంటే ఇల్లంతా మాడిపోద్ది. నా సెయ్యి తప్పిందంటే ఒక్క పెనంతో పోద్దనుకున్నాను." టీగ్లాసును బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. "రెండేళ్ళు పోయింది."

థర్మామీటరు అతని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, తన టీగ్లాసులో ముంచాడు. "ఎంతుందో సెప్పండి మాస్టారూ."

చదవడానికి దాన్ని పైకి తియ్యబోయాను. నూకయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"లోపలుండగా సూడండి బాబూ! ఇన్నేళ్ళొచ్చినా ఆత్రం తగ్గనేదేటి? నేను సెంబులో ఏసిన పాకం ఎంటనే తీసేవోణ్ణా? అదీ నీళ్ళూ ఒకటయ్యేదాకా ఆగీవోణ్ణి. ముందే ముట్టుకుంటే ఏలూ కాల్తాది, అబద్ధవూ సెప్తాది."

పాతికేళ్ళుగా నేను బోర్డు మీద రాస్తున్న పాఠం అది. నాకంటే బాగా చెప్పాడు. ఆగి, వంగి, గ్లాసులో ఉండగానే చదివాను. మా మాటల్లో టీ ఎప్పుడో చల్లారిపోయింది.

కనుక చదువరులారా, చెరకుగడ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక బతికుండగా ఏ థర్మామీటరునీ బయటికి తీసి చదవను. ఏ గానుగ దగ్గరా నోరెత్తను. పాకం మాడ్చింది నేనేనని ఆ షావుకారుతో చెప్పేదాకా జేబున్న చొక్కా తొడగను. ఆయన ఇంకా మార్కెట్టులో అదే గద్దె మీద కూర్చుంటున్నాడు. కాకపోతే చెవులు బొత్తిగా వినబడవట. గట్టిగా అరిచి చెప్పాలి. రేపే వెళుతున్నాను, సరిగ్గా బేరాలు జోరుగా సాగే వేళకి.