తన తాళాన్ని తానే నమ్మని ఏకాంబరం

ఏకాంబరం తాను వేసిన తాళాన్ని తాను నమ్మడు. ఇతరులు వేసినదానిని నమ్ముతాడా అంటే అదీ నమ్మడు. కాని తాను వేసినదానిని మరింత నమ్మడు. తాళం వేస్తాడు, లాగి చూస్తాడు, నాలుగడుగులు నడుస్తాడు, ఆగుతాడు. ఆ ఆగడం చూశామంటే ఇక మనం ఎక్కవలసిన బస్సు వెళ్లిపోయినట్లే.

తిరుపతిలో నేను ముప్పై యేళ్లు తెలుగు చెప్పిన పాఠశాలకు ఎదురుగా అతని రేడియో మరమ్మతు అంగడి ఉండేది. సాయంకాలం బడి వదిలాక అక్కడి స్టూలు మీద కూర్చోవడం నాకు అలవాటు. వ్యాకరణం చెప్పేవాడికి ఒక అవస్థ ఉంది: విన్న ప్రతి వాక్యాన్నీ మనసులో దిద్దుకొంటూ ఉంటాడు. ఏకాంబరం వాక్యాలను దిద్దడం మాత్రం నేను మొదటి వారంలోనే మానుకొన్నాను. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అది వచ్చేలోపల అతను తాళం చూడడానికి లేచి వెళ్లిపోయేవాడు.

ఒకసారి మా బడి గుమాస్తా దామోదరం కుమార్తె పెండ్లికి ఇద్దరమూ వడమాలపేట బయలుదేరాము. బస్సు రేణిగుంట చేరేసరికి ఏకాంబరం ముఖంలో నెత్తురు లేదు.

"అయ్యోరా, అంగడికి తాళమేసినానా?"

"వేశావు. నేను కళ్లారా చూశాను."

"మీరు సూసింది నేను వేసేది. అది పడింది సూసినారా?"

అతను రేణిగుంటలో దిగిపోయాడు. వడమాలపేటలో తలంబ్రాలు అయిపోయి, ఆఖరి పంక్తి విస్తళ్లు ఎత్తుతున్నప్పుడు చెమటలు కక్కుకొంటూ వచ్చాడు. "పడిండాది," అన్నాడు. పాయసం తాగినంతసేపు ప్రశాంతంగా ఉన్నాడు. గ్లాసు కింద పెట్టగానే నా చెవిలో అన్నాడు: "లాగి సూసినాను కదా, ఆ లాగడంలో ఊడిండదు గదా?"

ఇటువంటి మనిషి కారు కొన్నాడు. 1985లో చిత్తూరులో ఒక వృద్ధ డాక్టరు అమ్మివేసిన పాత అంబాసిడర్ అది. నాలుగు తలుపులు, ఒక డిక్కీ. అంటే ఐదు తాళాలు, ఐదు అనుమానాలు. ఐదోది చూసేసరికి మొదటిది మరిచిపోయేవాడు. కనుక ఆ పరీక్షకు ఆది ఉండేది గాని అంతం ఉండేది కాదు. ఒకనాడు బాగుచేసిన రేడియోలు వేసుకొని వచ్చి అలిపిరి దగ్గర కారు నిలిపి దాని చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క పిడినీ తాకి చూస్తున్నాడు. కొండ దిగి వస్తున్న యాత్రికులు, గుండు మీద చందనం ఇంకా ఆరనివారు, ఒక క్షణం చూసి చేతులు జోడించి అతని వెనుక నడవసాగారు. మూడో చుట్టుకు పదకొండు మంది అయ్యారు. ఒకాయన భయభక్తులతో అడిగాడు: "ఇక్కడ వెలసిన స్వామి పేరేమండీ?"

"అంబాసిడర్," అన్నాడు ఏకాంబరం, నాలుగో తలుపు లాగుతూ.

అతని భార్య మునిరత్నమ్మ ఈ సంగతి విని, "ఆ కారు చుట్టూ తిరిగినన్ని తూర్లు కొండ చుట్టూ తిరిగింటే ఈపాటికి మోక్షమన్నా వచ్చుండు," అన్నది.

ఆమె మాట పనిచేసింది కాబోలు, మోక్షమార్గం అతను తానే తయారు చేసుకొన్నాడు. రెండు నెలలు అంగడిలో ఏవో తీగలు అతికి, ఒకనాడు సబ్బుపెట్టె అంత పెట్టెను నా ముందు పెట్టాడు. దాని మీద రెండు మీటలు, ఎర్రదొకటి, పచ్చదొకటి. వీధిలోకి చేయి చాచి ఎర్ర మీట నొక్కాడు. నలభై అడుగుల దూరాన ఉన్న కారులో ఐదు గడియలూ ఒక్కసారి టక్కుమని పడ్డాయి. వెనుక దీపాలు రెండుసార్లు వెలిగి ఆరాయి.

"సూసినారా? పడినానని సెప్తా ఉండాది. అడిగితే జవాబు సెప్పే తాళం, అయ్యోరా."

"చెవి లేకుండా ఎలా పడింది?"

"కొండ మీద చెప్పులు యాడ పెడతారు మీరు?"

"స్టాండులో."

"బిళ్ల ఇస్తారు కదా. మీ చేతిలో ఒకటి, చెప్పుల కాడ ఒకటి. రెండు నంబర్లూ కలిస్తేనే చెప్పులు. ఈ పెట్టె మీ చేతిలో బిళ్ల. కారులో ఉండేది చెప్పుల కాడ బిళ్ల. మీట నొక్కితే నంబరు రేడియో పాట మాదిరి గాల్లో పోతాది. కారు ఇంటాది, తన నంబరుతో కలిపి సూసుకుంటాది. కలిస్తే లోపల మోటార్లు తిరుగుతాయి, గడియలు పడతాయి."

ఇక్కడ ఒక్క మాట. తాళాన్ని తీసే సాధనాన్ని మనవారు తాళంచెవి అన్నారు. వినని వస్తువుకు చెవి అని పేరెందుకు పెట్టారో నేను ముప్పై యేళ్లు పిల్లలకు సరిగా చెప్పలేకపోయాను. ఏకాంబరం తాళానికి నిజంగానే చెవులు మొలిపించాడు. ఆ ఆనందంలో నేను అడగకూడని ప్రశ్న అడిగాను.

"నంబరు గాలిలో పోయేటప్పుడు ఇంకెవరైనా విని, మళ్లీ అదే నంబరు పంపితే?"

ఏకాంబరం ముఖం పాలిపోయింది. మూడు వారాలు అంగడి తెరవలేదు. నేను ఊరకున్నట్లయితే ఆ తరువాత కథ ఉండేది కాదు.

మూడు వారాలకు చిక్కిపోయి వచ్చాడు. "ఇప్పుడు నూరు నంబర్లు, అయ్యోరా. పెట్టెలో ఒక పట్టీ, కారులో అదే పట్టీ, అదే వరసలో. ఒకసారి నొక్కితే పెట్టె ఒక మెట్టు దిగతాది. ఇనిన కారూ ఒక మెట్టు దిగతాది. దొంగ నిన్నటి నంబరు పట్టుకొని వస్తే కారు మొగం తిప్పుకుంటాది. నూరూ అయినాక మళ్లా మొదటికి."

"దూరంగా ఉండి నొక్కితే? పెట్టె దిగుతుంది, కారు దిగదు కదా."

"నాలుగు మెట్లు తేడా వచ్చినా కారు సర్దుకుంటాది. మనిషన్నాక పొరపాటున నొక్కడం ఉంటాది."

"అంతకు మించితే?"

"మించితే దొంగ. వరసగా ఐదు తూర్లు తప్పు నంబరు ఇనిందంటే పావుగంట చెవులు మూసుకుంటాది. దొంగ ఊరకే నొక్కుతా కూర్చోకుండా." అని, స్వరం తగ్గించి, "తాళంచెవి బొక్కల్లో సీసం కరిగించి పోసేసినా," అన్నాడు. లోకంలో ఇక ఆ కారును తెరవగలిగినది ఆ పెట్టె ఒక్కటే.

1986 జూన్‌లో చౌడేశ్వరికి చిత్తూరులో ఉపాధ్యాయ నియామకాల ఇంటర్వ్యూ వచ్చింది. నగరిలో చేనేత పని చేసే రామలింగయ్య కూతురు; తిరుపతిలో మేనత్త ఇంట ఉండి నా దగ్గర చదువుకొన్నది. రెండుసార్లు ఉద్యోగం తప్పిపోయింది. వయోపరిమితి ప్రకారం ఇదే ఆఖరు అవకాశం. పదకొండు గంటలకు హాజరు కావాలి. అసలు ధ్రువపత్రాలు చేతిలో లేనివారిని గడప దాటనివ్వరు. ఈ మాట విని ఏకాంబరం, "బస్సులో ఆ కాయితాలు పెట్టుకొని పోతారా? నేనుండగానా?" అని కారు తెచ్చాడు.

తొమ్మిదిన్నరకే చిత్తూరు చేరాము. కార్యాలయం ముందు కారు నిలిపి, పక్క వీధి హోటలుకు ఫలహారానికి బయలుదేరాము. చౌడేశ్వరి ఫైలును గుండెకు హత్తుకొని దిగింది.

"అది ఈడ పెట్టమ్మా," అన్నాడు ఏకాంబరం. "సాంబారు పడితే?"

"పడదు మామా, ఒళ్లోనే పెట్టుకుంటాను."

"నువ్వు పడెయ్యవు. తెచ్చేవాడు పడేస్తే?" ఫైలును తన తువ్వాలులో చుట్టి డిక్కీలో పెట్టి, ఎర్ర మీట నొక్కి, దీపాల జవాబు విని, ఐదు పిడులూ లాగి చూసి వచ్చాడు.

హోటలులో అతను ఒక్క ఇడ్లీ తినలేదు. బల్ల కింద పెట్టె టిక్కు టిక్కుమంటూనే ఉంది. ఎర్ర మీట మీద వేలు అతనికి తెలియకుండానే ఆడుతోంది. కారు చెవికి అందని దూరం వచ్చేశామని అతనికీ తోచలేదు, నాకూ తోచలేదు. ఇడ్లీ ముందున్నప్పుడు శాస్త్రం జ్ఞాపకం రాదు.

పది గంటల ఇరవై నిమిషాలకు కారు దగ్గరికి వచ్చి పచ్చ మీట నొక్కాడు. దీపాలు వెలగలేదు. మళ్లీ నొక్కాడు. మూడు, నాలుగు, ఐదు. కారు కొండరాయిలా నిలబడి ఉంది. ఏకాంబరం నా వైపు తిరిగాడు. అటువంటి ముఖాన్ని నేను ఫలితాల రోజున పిల్లలలో కూడా చూడలేదు.

"అయ్యోరా. నన్ను దొంగంటా ఉండాది."

చౌడేశ్వరి కార్యాలయం గడియారాన్ని ఒకసారి, డిక్కీని ఒకసారి చూసింది. ఏకాంబరం రోడ్డు పక్క నుంచి కొబ్బరికాయంత రాయి తెచ్చాడు. ఆ కారు అద్దం మీద ఈగ వాలితే తుడిచే మనిషి అద్దానికి గురిపెట్టాడు. నేను చేయి పట్టుకొన్నాను.

"డిక్కీకి అద్దమెక్కడిది? అది ఇనుము. నీ అద్దాలన్నీ పగిలినా ఫైలు రాదు."

అతను రాయి మీదనే కూర్చుండిపోయాడు. "పావుగంటకు చెవులు తెరుస్తాది. అయినా పెట్టె యాడనో ముందుకు పోయిండాది, కారు ఈడనే ఉండాది. ఇంకో ఐదు నొక్కితే మళ్లా పావుగంట. ఎన్ని తూర్లు నొక్కినానో తెలిస్తే, దూరం పోయి మిగతావి నొక్కి నూరు నింపుకొని రావచ్చు. పెట్టె మళ్లా కారు మెట్టు కాడికే వస్తాది. కానీ ఎన్ని నొక్కినానో ఆ దేవుడికే తెలియల్ల."

"తొంభై ఉంటాయి," అన్నాను.

"నలభై మూడు, సార్," అన్నది చౌడేశ్వరి.

ఇద్దరమూ ఆమె వైపు తిరిగాము.

"లెక్కపెట్టినావా అమ్మా?"

"లెక్కపెట్టలేదు మామా, లెక్క పడిపోయింది. చిన్నప్పట్నుంచి మా నాయన మగ్గం పక్కన కూర్చునేదాన్ని. అంచులో పువ్వు తిరగాలంటే ఇన్ని పోగులు పడాలని ఉంటాది. నేను చెప్పేది, ఆయన నేసేది. టక్కుమనేది ఏది ఇన్నా నా తలకాయలో లెక్క నడస్తానే ఉంటాది. హోటల్లో నలభై మూడు. ఈడ ఐదు."

"నలభై ఎనిమిది," అన్నాడు ఏకాంబరం, పెదవులు తడుపుకొంటూ. "నూరుకు యాభై రెండు తక్కువ." అని పెట్టె అందుకొని లేచాడు. అతని వేలు అప్పుడే మీట మీద ఆడడం ముగ్గురమూ చూశాము.

"మీరొద్దు మామా," అన్నది చౌడేశ్వరి మెల్లగా. "మీకు యాభై రెండు చాలవు."

పెట్టె ఆమె తీసుకొన్నది. ఏకాంబరం రెండు చేతులూ నేను పట్టుకొన్నాను. పెండ్లి పీటల మీద కూడా ఎవరూ వాటిని అంత గట్టిగా పట్టుకొని ఉండరు. ఆమె వీధి చివరికి వెళ్లి మాకు వీపు తిప్పి నిలబడింది. మా తిరుపతి బడిలో వెనుక బెంచీలో కూర్చొని, పద్యంలో గణాలు తప్పితే నాకంటే ముందు కనిపెట్టే పిల్ల. అప్పుడు తెలివి అనుకొన్నాను. అది మగ్గం నేర్పిన చదువని ఆ వీధిలో నిలబడి తెలుసుకొన్నాను.

"ఎంతయిందో," అన్నాడు ఏకాంబరం.

"మాట్లాడకు."

"ఒక్క తూరి అడిగితే?"

నోరు కూడా మూయవలసి వచ్చింది. నాకున్నవి రెండే చేతులు కనుక ఒక చేయి వదిలాను. ఆ చేయి వెంటనే గాలిలో లేని మీటను నొక్కసాగింది.

ఆమె బొటనవేలిని మీటకు దూరంగా చాపి, నిండు నూనె దీపం తెస్తున్నట్లు నడిచి వచ్చింది. పదిన్నర దాటి ఐదు నిమిషాలయింది. "ఇంకో రెండు నిమిషాలు ఆగండి, కారు గడియారం నిదానం," అన్నాడు ఏకాంబరం. ఆ రెండు నిమిషాలలో నా వయస్సు రెండేళ్లు పెరిగింది. ఆమె పచ్చ మీట నొక్కింది.

టక్. దీపాలు రెండుసార్లు వెలిగాయి.

ఆమె తువ్వాలుతో సహా ఫైలును లాక్కొని లోపలికి పరుగెత్తింది. ఏకాంబరం డిక్కీ మీద తల ఆనించి అలాగే ఉండిపోయాడు. కారును దండించాడో, దానికి దండం పెట్టాడో నాకు తెలియలేదు.

నాలుగు గంటలకు ఎంపికైనవారి పట్టీ గోడకు అంటించారు. పదిహేడో పేరు చౌడేశ్వరిది. ఏకాంబరం దానిని వేలు పెట్టి చదివాడు, నాలుగడుగులు వచ్చాడు, ఆగాడు, తిరిగి వెళ్లి మళ్లీ చదివాడు. ఇలా మూడుసార్లు. "ఉండాది," అన్నాడు చివరకు.

తిరుగు ప్రయాణంలో పూతలపట్టులో కాఫీకి ఆగాము. ఏకాంబరం కారు దిగి తిన్నగా హోటలులోకి నడిచాడు. మీట నొక్కలేదు. పిడి లాగలేదు. నాలుగడుగుల దగ్గర ఆగలేదు. నాకు ఒళ్లు జలదరించింది.

"ఏకాంబరం, తాళం?"

"ఎందుకయ్యోరా?" అన్నాడు కూర్చొంటూ. "ఇప్పుడు లోపల ఏముండాది? పాప కాయితాలు పాప చేతిలో ఉండాయి. మిగిలింది నా కారే కదా."

"నీ కారైతే పోవచ్చునా?"

"పోతే నాది పోతాది. ఎవరికీ జవాబు సెప్పే పని లేదు."

నేను నెమ్మదిగా లెక్కలు వెనక్కి తిప్పుకొన్నాను. ఇరవై యేళ్లలో అతను తన ఇంటికి తాళం వేయడం నేను ఒక్కనాడూ చూడలేదు. వెనుక తలుపుకు గొళ్లెమే లేదని మునిరత్నమ్మ ఎన్నోసార్లు సణిగింది. అతను వెనక్కి పరుగెత్తినదంతా అంగడికే. అక్కడ ఉండేవన్నీ ఊరివాళ్ల రేడియోలు; కారులో వేసుకొని తిరిగినవీ అవే.

"వడమాలపేట పెండ్లినాడు రేణిగుంటలో దిగిపోయావే, ఆనాడు అంగడిలో ఏముంది?"

అతను కాస్త సిగ్గుపడ్డాడు. "మా వీధి ముసలి మునెమ్మ రేడియో. సచ్చిపోయిన మొగుడు ఆయమ్మకు ఇచ్చి పోయింది అదొకటే. నాది పోతే ఇంకోటి కొంటా. అట్లాంటిది యాడ కొనేది?"

చౌడేశ్వరి తల వంచుకొన్నది. సర్వరు మూడు కాఫీలు తెచ్చి పెట్టాడు. నాకు ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. ఉపాధ్యాయుడు అటువంటి సమయాలలో అప్రస్తుత ప్రసంగమే చేస్తాడు.

"నా గొడుగు కారులో ఉన్నట్లుంది," అన్నాను.

ఏకాంబరం చేతిలోని గ్లాసు బల్ల మీదికి వచ్చింది. "ముందే సెప్పకూడదా అయ్యోరా?" అంటూ లేచి, జేబులో పెట్టె తడుముకొంటూ వాకిలి దాటాడు. బయట టక్కుమన్నది.

"ఒకటి," అన్నది చౌడేశ్వరి, తల ఎత్తకుండా.

మళ్లీ టక్కుమన్నది.

"రెండు."

నేను అతని కాఫీ చల్లారకుండా గ్లాసు మీద గిన్నె బోర్లించాను.