ఎండని నీళ్లు

ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పట్టడం మా బతుకుదెరువు. ఎల్బీనగర్‌లో కొన్న కొత్త వలను ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే, పక్క సీటాయన అడక్కుండానే దాని కంతలో వేలు దూర్చి చూశాడు. కాకినాడ వైపు సముద్రంలో రొయ్యలు పట్టేవాడట. అది వినగానే నాకు కడుపు మండింది.

"మీకేందన్నా, సముద్రం ఎండదు. మా చెరువు ఎండితే మేం కూలికి పోవాలె."

"ఎండదు కాబట్టే మేం ఆగలేదండి. ఒడ్డు పక్కనే ఏడాదంతా వల ఈడ్చాం. రొయ్యలతో పాటు ఇంతేసి చేపపిల్లలు పడేవి," అంటూ బొటనవేలి గోరు చూపించాడు. "ఏరి పారబోసేవోళ్లం. ఇప్పుడు రొయ్యల్లేవు, ఆ చేపలూ లేవు."

అన్ని నీళ్లున్నవాడికి ఇదో ఏడుపా అనుకున్నాను.

ఇబ్రహీంపట్నంలో నేను లేస్తుంటే అడిగాడు. "మీ చెరువు ఎండితే వలలేం జేత్తారండి?"

"ఏం జేస్తం? దూలానికి కట్టి పెడ్తం. మల్ల నిండినంక తీస్తం."

"అదృష్టవంతులు," అన్నాడు. ఆ గొంతులోని కుళ్లు నాకు బాగా తెలుసు. దారంతా నాలో ఉన్నది అదే.

ఈ ఎండాకాలం మా చెరువు అడుగంటింది. తిట్టుకుంటూనే వల మడిచి దూలానికి కడుతుంటే, ఆ బస్సులో ఆయన నా వెనకే నిలబడి కుళ్లుకుంటున్నట్టు అనిపించింది. ముడి ఇంకాస్త గట్టిగా బిగించాను.