డ్యూటీకి పోయిన బొమ్మ

మా చిన్నప్పుడు... గోదావరిఖని క్వార్టర్లలో ప్రతి ఇంటి ముందూ ఒక బొగ్గు కుప్ప ఉండేది. మా బాపు బాయిలో పనిచేసేవాడు. గనిని మేం బాయి అనే అంటాం. కంపెనీ ఇచ్చిన బొగ్గుతోనే వంట. అమ్మ పొయ్యిని బయటే రాజేసి, పొగ పోయాక లోపలికి తెచ్చేది...

అందరూ బొమ్మలకు పెళ్లి చేస్తారు. నేను మాత్రం నా కొయ్యబొమ్మను డ్యూటీకి పంపేదాన్ని. కుప్పలో గుంత చేసి, అందులో దింపి, పైన బొగ్గు కప్పేదాన్ని. ఎన్నడూ ముద్దు చేసింది లేదు. ఆలస్యంగా లేచావని తిట్టడం, పనికి పొమ్మనడం... అంతే.

ఒక రోజు పొద్దుటి షిఫ్టుకు దింపి, ఆటలో పడి మరిచిపోయాను. సాయంత్రం తవ్వితే లేదు. కుప్పంతా చిందరవందర చేశాను. అప్పుడు అమ్మ చెప్పింది, మధ్యాహ్నం లచ్చక్కకు ఒక గంప బొగ్గు ఇచ్చానని. వాళ్లది క్వార్టర్ల వెనక గుడిసెల వరుస. ఆమె భర్త కాంట్రాక్టు కూలి, వాళ్లకు కంపెనీ బొగ్గు రాదు.

కొయ్యబొమ్మ... పొయ్యిలో పడితే ఇంకేముంది? లచ్చక్క ఇంటికి పరుగెత్తాను.

బాపు షిఫ్టు దిగి రావడం ఆలస్యమైతే అమ్మ గడపలో ఎందుకలా నిలబడేదో, ఆ పరుగులో నాకు తెలిసింది.

లచ్చక్క ఇంటి ముందు పొయ్యి ఎర్రగా మండుతోంది. అందులోకే చూస్తూ నిలబడ్డాను. ఆమె కూతురు రజిత, నాకన్నా చిన్నది, లోపలి నుంచి వచ్చి పెదాల మీద వేలు పెట్టింది.

"మెల్లగ అక్కా... ఇప్పుడే డ్యూటీ దిగి అచ్చింది. పండుకున్నది."

గంప కుమ్మరిస్తుంటే దొరికిందట. వేడినీళ్లతో కడిగి, చాప మీద పడుకోబెట్టి, పాత రవిక ముక్క కప్పింది. కళ్ల చుట్టూ నలుపు మాత్రం పోలేదు... స్నానం చేశాక మా బాపు కళ్లు ఉన్నట్టే. పక్కన డబ్బా మూతలో నాలుగు మెతుకులు.

అది నా బొమ్మే అన్నాను. రజిత ఏడవలేదు. తీసి నా చేతికిస్తూ, "ఇంక తిన్లే. తినేదాంక ఆగవా?" అంది.

ఆగాను. ఆ బొమ్మను మొదటిసారి ఒళ్లో పెట్టుకున్నది అప్పుడే...

వట్టి చేతులతో ఇంటికి వచ్చాను. బొమ్మ ఏదని అమ్మ అడిగితే, దానికి అక్కడే మంచిగుందని చెప్పాను.

"మరి రేపటి సంది డ్యూటీకి ఎవర్ని తోల్తవే?" అని నవ్వింది అమ్మ.

తర్వాత రోజూ వెళ్లి చూసి వచ్చేదాన్ని. అది నాది కాకుండా పోయాకే దాని మీద ప్రేమ పుట్టింది. కొన్నాళ్లకు లచ్చక్క వాళ్లు పని వెతుక్కుంటూ వేరే ఊరు పోయారు. బొమ్మ కూడా వాళ్లతోనే పోయింది...

ఇప్పుడు కమాన్‌పూర్‌లో మా కాపురం. గ్యాస్ పొయ్యి మీద వంట. గంప పట్టుకుని బొగ్గు అడగడానికి వచ్చేవాళ్లు లేరు. మా పాపకు బొమ్మలు సంచి నిండా ఉన్నాయి. ఒకటి పోయినా అడగదు...

ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను. మీ చిన్నప్పటి బొమ్మ ఎవరి ఇంట్లో ఉండిపోయింది? మీరూ రాయండి... చదువుతాను.