పిట్ట కాలికి ఉప్పునీళ్లు

మా అమ్మ లవ్ బర్డ్‌ను కొన్న రోజు దుకాణం అతను హిందీలో ఒక మాట చెప్పాడు. వీటిని జంటగానే పెంచాలట, ఒక్కటే ఉంటే దిగులు పెట్టుకుంటుందట. "జంటగ ఉంటే పొద్దుందాక కొట్లాడుకుంటయ్. నాకు తెల్వదా?" అని అమ్మ తెలుగులోనే జవాబిచ్చి, ఆకుపచ్చదాన్ని ఒక్కదాన్నే తీసుకుని సూరత్‌లో మేముండే డిండోలికి ఆటో ఎక్కింది. పక్కన నిలబడ్డ మా నాన్న, బాపు, ఆ మాట తనక్కాదన్నట్టు రోడ్డు వైపు చూశాడు.

బాపు సూరత్ వచ్చిన నాటి నుంచి పవర్‌లూమ్ నడిపాడు. ఆ మగ్గాల మోతలో బతికినవాళ్లకు రెండే భాషలు వస్తాయి, ఒకటి సైగ, ఇంకోటి అరుపు. బాపు సైగలు షెడ్డులో వదిలేసి అరుపు ఇంటికి తెచ్చుకునేవాడు. ఆయన ఉప్పు అడిగితే పై అంతస్తు వాళ్లు తమ ఉప్పు డబ్బా వెతుక్కోవాలి. ఆయనకు వినపడాలని అమ్మ కూడా గొంతు పెంచుకుంటూ పోయి, చివరికి ఆయన్నే దాటేసింది. మా ఇంటి సంగతులు మాకంటే ముందు పక్కింటి గుజరాతీ ఆవిడకు తెలిసేవి.

పని మానేసి ఇంట్లో కూర్చున్నాక బాపుకు ఆ పిట్ట మీద ప్రేమ పుట్టింది. మగ్గం మనిషికి ప్రేమ పుడితే ఏమిస్తాడు? దారం ఇస్తాడు. పాత షెడ్డుకు పోయి సంచెడు వేస్టు దారం తెచ్చి, "మెత్తగ పండుకుంటది" అని పంజరంలో పరుపులా పరిచాడు. మా వాళ్ల ఇళ్లల్లో దిండ్లలో కూరేదీ, గిన్నెలు తోమేదీ, పిల్లలు ఆడుకునేదీ ఆ దారమే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నూలు దారమైతే పుటుక్కున తెగేది. ఇది పాలిస్టర్, తెగదు. తెగదనే కదా ఈ ఊరంతా దాన్నే నేస్తోంది.

మరునాడు పొద్దున చూస్తే పిట్ట కుడి కాలికి దారం నాలుగు చుట్లు బిగిసి, అది తలకిందులుగా వేలాడుతూ కొట్టుకుంటోంది. బాపు దాన్ని గుప్పిట్లో పట్టుకుని, చిన్న కట్టర్‌తో ఒక్కొక్క పోగూ తీసేశాడు. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. ఆ పనితనాన్ని మెచ్చుకునే ఓపిక మాత్రం ఇంట్లో ఎవరికీ లేదు. తోలు గీరుకుపోయి రెండు చుక్కల రక్తం వచ్చింది.

అమ్మకు తెలిసిన వైద్యం ఒక్కటే, పసుపూ కొబ్బరినూనే. గాయం పెసరగింజంత. పసుపు మాత్రం కాలికీ, పొట్టకూ, రెండు రెక్కలకూ, సగం మొహానికీ పట్టించింది. పావుగంటకు ఈకలన్నీ అతుక్కుపోయి, నలుగు పెట్టి నీళ్లు పోయడం మరిచిపోయిన పెళ్లికూతురిలా పిట్ట గజగజా వణకసాగింది. అప్పుడు భయం వేసి ముగ్గురం ఉధ్నాలో పక్షుల్ని చూసే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం.

ఆవిడ పిట్టను చూసింది, తర్వాత మమ్మల్ని చూసింది. "వండుదామనుకుని మనసు మార్చుకున్నారా?" అని హిందీలో అడిగింది. తిట్టడం అయ్యాక, నూనె పడితే ఈకల్లో వెచ్చదనం నిలవదని చెప్పింది. "గాయం చిన్నదే. కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి, రోజుకు రెండుసార్లు దూదితో అద్దండి. పసుపు వద్దు, మనుషుల మందులు అసలే వద్దు. దారం లేని పెట్టెలో వెచ్చగా ఉంచండి. గింజలు మానేస్తే వెంటనే తీసుకురండి. ఇంట్లో చప్పుడు లేకుండా చూసుకోండి." ఆ చివరి మాటకు మేము ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఇంటికి రాగానే అమ్మ బాపు ముందు నిలబడి, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడింది. "అది రెండు కాళ్ల మీద నిలవడేదాక నీతోని మాట్లాడ. గంతే."

ఆ పూట బాపు హాయిగా నిద్రపోయాడు. మరునాటికి అన్నం సయించలేదు. చాయ్ చల్లారిపోయిందని గదిమేవాళ్లు లేక చల్లటి చాయే తాగాడు. అరవడానికి వీల్లేదు కాబట్టి షెడ్డు సైగలు బయటికి తీశాడు. రెండు వేళ్లు జోడించి విడదీస్తే దారం తెగిందని అర్థం. మన మధ్య తెగిందా అని ఆయన అమ్మను అలా అడిగాడు. అమ్మ వెళ్లి కత్తెర తెచ్చి ఆయన ముందు పెట్టి పోయింది.

ఉప్పునీళ్లు అద్దడానికి ఇద్దరు కావాలి. ఒకరు పిట్టను తువ్వాలులో పట్టుకోవాలి, ఇంకొకరు అద్దాలి. పట్టుకునే పని నేను చేస్తానన్నాను కానీ, మూడుసార్లు వేలు కొరికించుకుని తప్పుకున్నాను. దాంతో బాపు అద్దుతుంటే పిట్టను పట్టుకోక అమ్మకు తప్పలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఇద్దరూ చాప మీద మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చునేవాళ్లు.

నాలుగో రోజు నేను మార్కెట్‌కు పనికి బయల్దేరుతూ చూస్తే, పిట్ట రెండు కాళ్ల మీద నిలబడి గింజలు ఎగజిమ్ముతోంది. వంటింట్లోకి పోయి అమ్మకు చెప్పాను.

"తెల్సు. నిన్ననే నిలవడ్డది."

"మరి?"

"గాయినకు చెప్పకు. పొద్దుగాల లేచి నీళ్లు కాస్తుండు, సల్లారవెడ్తుండు, నా దిక్కు సూసి తలకాయ వంచుకుంటుండు. గింత మర్యాద లగ్గమైన్నాటి నుంచి సూడలే. ఇంకో రెండ్రోజులు కానియ్."

నవ్వు ఆపుకుంటూ మెట్లు దిగుతుంటే బాపు వెనకాలే వచ్చి భుజం పట్టుకున్నాడు. చుట్టూ చూసి, తన లెక్కలో గుసగుసే అనుకుంటూ అన్నాడు. "పిట్ట మంచిగైంది. మీ అమ్మకు చెప్పకు."

"ఎందుకు బాపూ? చెప్తే మాట్లాడుతది గదా."

"మాట్లాడుతది, అరుస్తది. అరుసుడు ఎప్పటికి ఉన్నదే. గిట్ల పక్కకచ్చి కూసున్నది ఎన్నడన్న ఉన్నదా? నాయి నైట్ డ్యూటీలాయె, దానియి బాబిన్లకు దారం సుట్టుడాయె. కాలు మానిందంటే గిది గూడ బంద్ అయితది."

ఇద్దరికీ చెప్పనని మాటిచ్చాను. నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. నిజం చెప్పాలంటే వాళ్లిద్దరి మీదా కోపం వచ్చింది, ఇన్నేళ్లూ ఏం చేశారని. కోపం పోయాక జాలేసింది.

ఆరో రోజు సాయంత్రం కూడా వైద్యం యథావిధిగా జరిగింది. జబ్బు లేని పిట్ట తువ్వాలులోంచి తల బయటపెట్టి ఇద్దరినీ విసుగ్గా చూస్తోంది. బాపు కళ్లద్దాలు సర్దుకుని, దూది ముంచి, పిండి, ఎంతో శ్రద్ధగా ఎడమ కాలు తుడవడం మొదలుపెట్టాడు. అమ్మ చూసింది. చూసి, ఆ ఎడమ కాలినే ఆయనకు అందేలా కొంచెం ముందుకు జరిపింది.

"మెల్లగ తుడువు," అంది. ఆరు రోజుల్లో ఆయనతో అన్న మొదటి మాట అది. "నొస్తది దానికి."

గాయమైంది కుడి కాలికని చెప్పడానికి నాకు నోరు రాలేదు.