కంటైనర్‌లో దావత్

కరోనా తర్వాత బడులు మళ్ళీ పూర్తిగా తెరిచిన ఏడాది నేను పదకొండో తరగతిలో ఉన్నాను. మేం యూఏఈలోని కల్బాలో ఉండేవాళ్ళం. అమ్మ అక్కడి ఒక క్లినిక్‌లో నర్సు. నాన్న పక్కనే ఫుజైరాలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేవాడు. మా బడి కూడా ఫుజైరాలోనే. రోజూ వెళ్ళి వచ్చే ఆ బస్సులో తెలుగు మాట్లాడేవాళ్ళం ఇద్దరమే, నేనూ అతనూ.

అతనిది కడప వైపు. ఇంట్లో ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడుకుంటారు. వాళ్ళ నాన్న ఒక కంపెనీలో నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు. మాది కాకినాడ. అతను "యాడికి పోతాండావు" అంటే నాకు నవ్వొచ్చేది, నా మాటలకు అతను నవ్వేవాడు. మా మధ్య అలా మొదలైంది. బస్సు దిగాక సముద్రం పక్క రోడ్డు మీద మా బిల్డింగు దాకా కలిసి నడిచేవాళ్ళం. ఆడపిల్లను అబ్బాయితో చూస్తే ఏమనుకుంటారోనని, తెలిసినవాళ్ళ కారు కనిపిస్తే ఎడంగా జరిగేవాళ్ళం. ప్రేమ అన్న మాట ఇద్దరిలో ఎవరమూ అనలేదు. ఒకరోజు అతను తన హాకీ స్టిక్ నా చేతికిచ్చి, పిడికి చుట్టిన టేప్ ఊడిపోతోంది, కొత్తది చుట్టివ్వమన్నాడు. ఇంట్లో తమ్ముణ్ణి కూడా ముట్టుకోనివ్వని స్టిక్ అది. ఆ రాత్రి దాన్ని నా మంచం పక్కనే పెట్టుకుని పడుకున్నాను.

మాలాంటి కుటుంబాల మగపిల్లలకు ఆ చిన్న ఊళ్ళో హాకీ టీమే పెద్ద గౌరవం. పాకిస్తానీలు, మలయాళీలు, గోవా వాళ్ళు, అందరూ కలిసి ఆడేవాళ్ళు. టీమ్ చొక్కా వేసుకుని వెళితే కెఫెటేరియాలో చిక్కటి కరక్ చాయ్ ఊరికే ఇచ్చేవాళ్ళు. కెప్టెన్ కాలేజీ చదివే అబ్బాయి. ఆ కెప్టెన్ వాళ్ళ నాన్న, నా బస్సు స్నేహితుడి నాన్న ట్యాంకర్ నడిపే కంపెనీకే ముదీర్. అంటే ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో చెప్పగల మేనేజరు.

అతన్ని టీమ్‌లోకి తీసుకున్నారని తెలిసి నేను బస్సులో అందరికీ చాక్లెట్లు పంచాను. ఆ తర్వాతి వారం కెమిస్ట్రీ చార్టులు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను లిఫ్ట్ తలుపు తీసి పట్టుకున్నాను. అతను లోపలికి రాలేదు. చార్టుల చుట్ట చేతిలో నలిగిపోతోంది, పై పెదవి మీద చెమట.

"మెట్లెక్కుదాం పా," అన్నాడు.

మెట్ల మీద, మూడో అంతస్తు దగ్గర కూలబడి చెప్పాడు. మైదానం పక్కన సామాన్లు పెట్టుకునే ఇనప కంటైనర్ ఒకటుంది. కొత్తగా వచ్చినవాడికి గోల్‌కీపర్ ప్యాడ్లన్నీ తొడిగి, హెల్మెట్ పెట్టి, అందులోకి నెట్టి గడియ వేస్తారు. బయటినుంచి అందరూ స్టిక్కులతో ఇనప గోడల మీద బాదుతారు. లోపలివాడు ఒక్కొక్క సీనియర్ పేరూ పిలిచి ఉస్తాద్ అనాలి. గొంతు వణికితే మళ్ళీ మొదటినుంచి. సెప్టెంబరు సాయంత్రం, పగలంతా ఎండకు కాగిన ఇనుము. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు దావత్, విందు. తలుపు తీశాక చల్లటి నీళ్ళు పోసి, భుజాల మీద ఎత్తుకుని, షవర్మా తినిపించారట. అందరూ తమ్ముడని పిలిచారట.

"ఆ తినేటప్పుడు నాకు సంతోషంగానే ఉండింది. అదే నాకు అర్థం కాలా," అన్నాడు.

పెద్దవాళ్ళకు చెబుదామన్నాను. అతను నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు. మా నాయన పని వాళ్ళ నాయన చేతిలో ఉండాది. పని పోతే వీసా పోతాది, వీసా పోతే మేమందరం పోతాం. నువ్వు ఎవరికీ చెప్పగాకు."

మాటిచ్చాను. అప్పటినుంచి ఒక భయం నాలో కాపురం పెట్టింది. అతను బాగా ఆడుతున్నాడు, గోల్స్ కొడుతున్నాడు, కెప్టెన్ అతని మెడ చుట్టూ చెయ్యి వేసి ఫొటోలు దిగుతున్నాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా మాత్రం మెట్లెక్కే వచ్చేవాడు. క్లాసులో తలుపు దగ్గరి బెంచీ ఖాళీ లేకపోతే ముఖం మారిపోయేది. ప్రాక్టీసు నుంచి ఫోన్ రావడం కాస్త ఆలస్యమైతే నాకు పుస్తకంలో అక్షరాలు కనపడేవి కావు. ఎవరి దగ్గరా అనడానికి లేదు. నవ్వుతూ తిరుగుతున్నవాడి గురించి ఎవరికైనా ఏమని చెప్పను?

మరుసటి ఏడాది సెప్టెంబరు వచ్చింది. టీమ్‌లోకి కొత్త గోల్‌కీపర్‌ను తీసుకున్నారు. మా క్లాసు మలయాళీ అబ్బాయే. వాడికి ఉబ్బసం ఉంది. పరీక్షల రోజుల్లో బెంచీ కింద తల వంచి మందు పీల్చుకోవడం నేను చూశాను. ఒక మధ్యాహ్నం బస్సులో అతను మెల్లగా చెప్పాడు, మర్నాడు ప్రాక్టీసు అయ్యాక దావత్ అని. ఈసారి గడియ దగ్గర తనను నిలబడమన్నారని.

నేను అతని ముఖంలోకి చూశాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నేను నిలబడితేనే మేలు. బిరీన తీసేస్తా. ఇంకొకడైతే తీయడు," అన్నాడు.

"వాడు ఊపిరి పీల్చుకోలేకపోతే?"

"పీల్చుకుంటాడులే. నేను పీల్చుకోలేదా?"

ఆ మాట నన్ను ఆ కంటైనర్ కంటే ఎక్కువ భయపెట్టింది. నేను ఇష్టపడినవాడు బస్సులో నా పక్కనే ఉన్నాడు. గొంతు మాత్రం కెప్టెన్‌ది. మా స్టాపులో దిగి, అతని కోసం ఆగకుండా నడిచి వచ్చేశాను.

మర్నాడు బడిలో అతను నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. సాయంత్రం ఇంట్లో కూర్చోలేకపోయాను. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్న అమ్మ ముందు నిలబడి మొత్తం చెప్పేశాను. ఇచ్చిన మాట గురించి, అతని నాన్న పని గురించి కూడా. అతను నాకు ఏమవుతాడని అమ్మ అడుగుతుందనుకున్నాను. అమ్మ అడిగింది ఒకటే, ఆ అబ్బాయి దగ్గర మందు ఉంటుందా అని. ప్యాడ్లు తొడిగితే జేబు ఉండదమ్మా అన్నాను. అమ్మ మళ్ళీ చెప్పులు వేసుకుంది. ఎండదెబ్బ తగిలి క్లినిక్‌కు వచ్చే పనివాళ్ళను ఆమె ప్రతి వేసవీ చూస్తుంది. నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

మైదానానికి వెళ్ళే దారిలోనే ట్యాంకర్లు నీళ్ళు నింపుకునే యార్డు. అతని నాన్న అక్కడే గొట్టం బిగిస్తున్నాడు. అమ్మ ఆగి, తను ఎవరో చెప్పి, రెండు ముక్కల్లో విషయం చెప్పింది. ఆయన మమ్మల్ని చూశాడు, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నా కొడుకును కూడా ఏసినారా అమ్మా, అందులో?" అని నన్ను అడిగాడు.

నేను తలూపాను. ఆయన గొట్టం వదిలేసి, ట్యాంకర్ ఎక్కమన్నాడు.

మైదానం మలుపు తిరగకముందే చప్పుడు వినిపించింది. ఇనుము మీద స్టిక్కుల చప్పుడు, మధ్యలో నవ్వులు. గడియ దగ్గర అతను ఉంటాడని వెతికాను. కెప్టెన్ నిలబడి ఉన్నాడు. అతను ఎక్కడా లేడు.

అతని నాన్న ట్యాంకర్‌ను తిన్నగా మైదానంలోకి తెచ్చి ఆపాడు. దిగి, ఎవరినీ తోయకుండా వాళ్ళ మధ్యలోంచి నడిచి వెళ్ళి గడియ లాగాడు. లోపలినుంచి పొయ్యి మూత తీసినట్టు వేడి కొట్టింది. ఇద్దరున్నారు. గోల్‌కీపర్ నేలమీద పడి ఉన్నాడు. అతను వాడి హెల్మెట్ పీకేసి, తుప్పు పట్టి తలుపు అడుగున పడ్డ సందు దగ్గర వాడి ముఖం పెట్టి పట్టుకుని ఉన్నాడు. అతని చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. గడియ వెయ్యనన్నందుకు తననూ లోపలికి నెట్టారని తర్వాత తెలిసింది. మమ్మల్ని చూసినా అతను చేతులు తీయలేదు. అమ్మ వెళ్ళి ఆ చేతులు మెల్లగా విడదీసి, గోల్‌కీపర్‌ను బయటికి తెచ్చి కూర్చోబెట్టింది. వాడి బ్యాగు ఎక్కడుందో చూసి తెమ్మని కేకేసింది. మందు పట్టాక వాడి ఛాతీ ఎగసిపడటం కొద్దికొద్దిగా తగ్గింది.

కెప్టెన్ ముందుకొచ్చి, ఇదంతా మజాక్ చాచా, అయిపోయింది ఖలాస్ అన్నాడు. అతని నాన్న గొంతు పెంచకుండా హిందీలో జవాబిచ్చాడు. ఆ మాట తెలుగులో ఇంతే.

"అయితే నువ్వు లోపలికి పో బిడ్డా. తలుపు నేనేస్తా."

కెప్టెన్ స్టిక్ కిందికి దించి పక్కకు తప్పుకున్నాడు. అమ్మ అంబులెన్సుకు ఫోన్ చేసింది. గోల్‌కీపర్‌ను ఆసుపత్రిలో ఉంచుకుని మర్నాడు ఇంటికి పంపారు.

ఆ రాత్రంతా మా ఇంట్లో నాన్న కంగారు పడుతూనే ఉన్నాడు, పక్కవాళ్ళ పిల్లల గొడవలో మనమెందుకని. ఈ దేశంలో మన పేరు ఎక్కడా వినపడకుండా బతకాలి అన్నాడు. అమ్మ చపాతీలు కాలుస్తూ వింది. చివర్లో నావైపు తిరిగి, "ఆ కుర్రాడు నీకేమవుతాడే?" అని అడిగింది. తెలీదమ్మా అన్నాను. తెలిశాక చెప్పు అంది.

మర్నాడు అతని నాన్న ఎవరూ పిలవకుండానే ముదీర్ గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడట. ముదీర్ చాయ్ తెప్పించాడు, విన్నాడు, క్షమించమన్నాడు. తన కొడుకును టీమ్ నుంచి తీసేయించాడు. కంటైనర్‌ను క్రేన్‌తో ఎత్తించేశారు. అంతా బాగానే అయిందనుకున్నాం. కొన్ని వారాలకు అతని నాన్నను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని కంపెనీ బ్రాంచికి మార్చారు. అది శిక్షో, మామూలు బదిలీయో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. అడిగే ధైర్యం ఎవరికుంది?

ఇల్లు మారేలోపు అతను నాతో సరిగ్గా మాట్లాడలేదు. టీమ్ కుర్రాళ్ళు బస్సులో నన్ను చూసి గొంతు తగ్గించేవాళ్ళు. నా పక్క సీటు ఖాళీగా ఉండేది. వెళ్ళే రోజు మా బిల్డింగు కిందికి వచ్చాడు.

"నువ్వు చెప్పకపోయింటే మేమీ ఊర్లోనే ఉండేవాళ్ళం," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అయినా ఊరుకోలేదు. "నువ్వా గడియ వేసుంటే నేనే నీతో ఉండేదాన్ని కాదు," అన్నాను.

వేద్దామనే గడియ మీద చెయ్యి పెట్టానని, గోల్‌కీపర్ హెల్మెట్ లోంచి తనవైపు చూశాడని, చెయ్యి రాలేదని చెప్పాడు. ఆ తర్వాత వెళ్ళిపోయాడు.

ఆ పరీక్షల కాలం అంతా ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, మోగకపోతే దిగులు పడటం. ఫలితాలు వచ్చిన రోజు అతనే చేశాడు. ముందు మార్కులు అడిగాడు. తర్వాత, రాత్రులు నిద్రపట్టడం లేదని చెప్పాడు. నేను అమ్మకు ఫోనిచ్చాను. అమ్మ అతనితో ఎంతసేపు మాట్లాడిందో! చివరికి షార్జాలో తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి పంపింది. వాళ్ళ నాన్న సెలవు పెట్టి వెంట వెళ్ళాడు.

ఇప్పుడు నేను షార్జాలోనే డిగ్రీ చదువుతున్నాను, హాస్టల్లో ఉంటాను. అతను పగలు ఒక వర్క్‌షాపులో ఏసీలు బాగుచేస్తాడు, సాయంత్రాలు డిప్లొమా క్లాసులకు వెళతాడు. సెలవు రోజుల్లో అక్కడి గ్యారేజీల కుర్రాళ్ళతో మళ్ళీ హాకీ ఆడుతున్నాడు. అమ్మకు నేను జవాబు చెప్పేశాను. ముందు మీ చదువులు అవనీ, మీ నాన్నతో నేను మాట్లాడతానంది. అతని నాన్న కూడా దాదాపు అదే అన్నాడట. రెండు ఇళ్ళు, రెండు మతాలు, రెండు వీసాలు. ఏది ఎప్పుడు తెగుతుందోనని నాకు భయమే. పోయిన శనివారం ఆట అయ్యాక, ఈ భయం ఎప్పటికైనా పోతుందా అని అతన్ని అడిగాను. తెలీదన్నాడు. బూట్లు విప్పి ఇసుక దులుపుకుని, ఆకలేస్తోంది, ఏమన్నా తిందాం పా అన్నాడు.