మేట్రనమ్మ చుట్టిన తెల్ల టేపు

మేట్రనమ్మ పోయిందన్న సంగతి నాకు నోయిడాలోని గోల్ఫు ప్రాక్టీసు మైదానంలో, బంతుల బకెట్లు ఇచ్చే భయ్యా చెప్పాడు. "అంకుల్, వో నర్స్ ఆంటీ నహీ రహీ. నీంద్ మే హీ..." అని ఆగిపోయాడు. నిద్రలోనే పోయిందట. నేనప్పుడు బంతి ముందు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాను. అయ్యో అనలేదు. నా బొటనవేలు ముందు కర్రకు చుట్టిన తెల్ల టేపు మీదికి పోయింది, అంచు ఎక్కడైనా లేచిందేమోనని. లేచిన అంచును నొక్కి, ఆ తర్వాత "అచ్ఛా" అన్నాను. మనిషి పోయిందంటే నాకు మొదట గుర్తొచ్చింది టేపు. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. పాలమూరు నుంచి తట్ట మోయడానికి వచ్చి, మేస్త్రీనై, గుర్‌గావ్‌లో అంతస్తుల మీద అంతస్తులు పోయించినవాణ్ణి. కూడబలుక్కుంటూ రాస్తాను, తప్పులుంటే మీరే సర్దుకోండి.

పని మానేశాక డాక్టరు నడవమంటే అల్లుడు నన్ను ఆ మైదానానికి తీసుకొచ్చాడు. నడక నచ్చలేదు గానీ కొట్టడం నచ్చింది. గోల్ఫు కర్రల్లో అన్నిటికంటే పొడుగ్గా, పెద్ద తలకాయతో ఉండేదాన్ని డ్రైవర్ అంటారు. బంతిని దూరం పంపేది అదే. దుకాణానికి పోయి, "అన్నిట్లో గట్టిది, అన్నిట్లో ఖరీదైంది తీయ్" అన్నాను. ఇనుము వంచిన చేతులు కదా! ఇంటికి తెచ్చి గోడకు ఆనించి రోజంతా చూసుకున్నాను. మైదానంలో కొడితే బంతి నేలకు రాసుకుంటూ కుడివైపు కంచెలోకి పోయింది. రెండోదీ అంతే. తర్వాతవీ అంతే.

బంతి పెట్టి కొట్టే పక్క చాప మీద మేట్రనమ్మ ఉంది. ఆసుపత్రిలో నర్సుగా చేరి, మేట్రన్‌గా దిగిపోయిన మనిషి. ఊరు భీమవరం పక్కన. మయూర్ విహార్ నుంచి మెట్రోలో వచ్చేది, మూడంటే మూడే కర్రలు పాత దుప్పటి గుడ్డతో కుట్టిన సంచిలో వేసుకుని. కొట్టే ముందు కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. ప్రార్థనేమో అనుకున్నాను. అడిగితే, "అబ్బే, తొందరపడకే తల్లీ అని నాకు నేను చెప్పుకుంటానండీ" అంది.

ఆ రోజు నా బంతులు కంచెకు తగలడం కాసేపు చూసి, "మేస్త్రిగారూ, ఆ కర్ర మీది కాదండీ. పాతికేళ్ళ కుర్రాడిది" అంది.

"పైసలు నేనిచ్చిన. నాది గాకపోతే ఎవలిది? నర్సమ్మవు, సూదులేస్కో పో!"

ఆమె నవ్వింది. "సూదైనా ఒంటిని చూసే వేస్తామండీ. పసిబిడ్డకీ పహిల్వానుకీ ఒకటే సూది వెయ్యం."

ఆమె నన్ను మీరనేది. నేను ఆమెను నువ్వనేవాణ్ణి. ఒక్కసారి కూడా ఆ తేడా నాకు గుచ్చుకోలేదు.

డ్రైవర్ కొనాలని ఎవరడిగినా ఆమె చెప్పేది ఒకటే: "ముందు మీ ఊపు చూసుకోండి. తర్వాత మీ జేబు చూసుకోండి. పేరు ఆఖర్న చూసుకోండి." ఊపు నెమ్మదైతే కర్ర కాడ, అదే షాఫ్టు, మెత్తగా వంగాలి, కర్ర తల ముఖం కాస్త ఆకాశంవైపు తిరగాలి, అప్పుడే బంతి లేస్తుంది అనేది. కొత్త మోడల్ రాగానే నిన్నటిది చవకవుతుంది, బంతికి ఆ సంగతి తెలియదు అనేది. కొనే ముందు పక్కవాడిది అడిగి నాలుగు బంతులు కొట్టి చూడమనేది.

మైదానం ఖాళీగా ఉన్న ఒక పొద్దున, ఎవరూ లేరని నాలుగు దిక్కులా చూసుకుని, ఆమె కర్ర అడిగాను. కొట్టాను. బంతి లేచింది. చాలాసేపు లేస్తూనే ఉంది. నేనింత వయసొచ్చి చిన్నపిల్లాడిలా దాని వెంట రెండడుగులు పరిగెత్తాను.

"ఉంచుకోండి, నాకు ఇంకోటుంది" అంది.

"ఎట్లుంచుకోవాలె మేట్రనమ్మా? గిది ఆడోళ్ళ కర్రనాయె." కాడ మీద, చెయ్యి పట్టే చోటికి కింద, ఊదారంగులో ఎల్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంది. ఆడవాళ్ళ కర్రకు వేసే గుర్తది. నాకు తెలిసిన నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో అదొకటి అయి కూర్చుంది. "నలుగురు జూస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఆమె నా మొహంలోకి చూసింది. చేతిసంచి తెరిచి, కట్లు కట్టే తెల్ల టేపు తీసి, ఆ అక్షరం మీద మూడు చుట్లు చుట్టి, పంటితో తెంపింది. "ఇదిగో, దెబ్బ తగిలిన కర్ర అనుకుంటారు లెండి" అంది.

ఆ తర్వాత ఎండకూ చెమటకూ టేపు మాసినప్పుడల్లా, "తెండి, డ్రెస్సింగ్ మార్చాలి" అని తనే మార్చేది. అడిగించుకోలేదు. నేను ఊరుకున్నాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆదివారాలు హైదరాబాదు సాఫ్ట్‌వేర్ పిల్లలు గుంపుగా వస్తారు. "అంకుల్, ఈ వయసులో ఆ దూరమేంటి? ఏం డ్రైవర్ అది?" అంటే, "గట్టి కాడ బిడ్డా, మగోని కర్ర" అనేవాణ్ణి. ఒక ఆదివారం కొత్తగా వచ్చిన అబ్బాయికి మెత్తటి కాడ ఉన్న కర్ర కొనమని మేట్రనమ్మ చెబుతోంది. నేను మధ్యలో దూరాను. "ఆమె మాటినకు తమ్మీ! ఆడోళ్ళ కర్ర కొన్కొని గాజులు గూడ తొడుక్కుంటవా? నా దాన్ని జూడు!" అని కర్ర పైకెత్తాను.

అందరూ నవ్వారు. ఎత్తిన కర్రకు టేపు అంచు ఊడి వేలాడుతోంది. నేను చూడలేదు, ఆమె చూసింది. దగ్గరకు వచ్చి, కర్ర పట్టుకుని, బొటనవేలితో ఆ అంచును నెమ్మదిగా నొక్కింది. "అవును బాబూ, మేస్త్రిగారిది గట్టి కర్రే. ఆయన చేతికి కుదిరింది" అని తన సంచి సర్దుకుని మెట్రోకి వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చింది. మళ్ళీ డ్రెస్సింగ్ మార్చింది. నేను తప్పయిందని ఒక్క మాట అనలేదు. అనడానికి ఎన్ని ఆదివారాలు ఇచ్చింది!

మయూర్ విహార్‌లో ఆమె కోసం ప్రార్థన చేసే ఆదరణ కూడికకు పోయాను. ఆమె కూతురూ నర్సే, ఢిల్లీలో పెరిగి హిందీ కలిపి మాట్లాడే పిల్ల. "అంకుల్, అమ్మ గురించి దో శబ్ద్ మాట్లాడరా?" అంది. లేచాను. అంతస్తుల మీంచి అరిచి వందమందితో పని చేయించిన గొంతు నాది. "మంచి మనిషి" అని కూర్చున్నాను.

బయటకు వస్తుంటే కూతురు వెనకే వచ్చి, "అంకుల్, ఒకటి పూఛ్‌నా థా. మీ కర్రకి ఆ టేపు ఎందుకు? అమ్మ బ్యాగ్‌లో ఎప్పుడూ ఒక రోల్ ఉండేది, మేస్త్రిగారి కర్రకి అనేది. ఎందుకంటే చెప్పేది కాదు. దెబ్బ తగిలిందే, మానుతోంది అనేది" అంది.

కన్నకూతురికి కూడా చెప్పలేదు. నేను గబగబా మెట్రో మెట్లెక్కాను.

మొన్న ఆదివారం సాఫ్ట్‌వేర్ పిల్లలందరూ ఉన్నప్పుడే టేపు విప్పాను. ఆమె చుట్టిన చివరి చుట్లు అవి, గోరుతో లేపితే గానీ రాలేదు. "అంకుల్, అది లేడీస్ షాఫ్ట్ కదా?" అన్నాడొకడు.

"అవును. మేట్రనమ్మది. మొదటి సంది గిదే. నేను జెప్పింది అబద్ధం."

ఒకడు నవ్వబోయి ఆగాడు. నేను కొట్టాను. బంతి కుడికి, కంచెలోకి పోయింది. తప్పు కర్రది కాదు.

కాడ మీద రంగంతా ఎండకు వెలిసిపోయింది. టేపు కింద దాగిన ఆ ఒక్క అక్షరం మాత్రం కొత్త కర్ర మీద ఉన్నట్టే ఊదారంగులో మెరుస్తోంది. టేపు ముక్క నా వేలికి అంటుకుంది. విదిలిస్తే పోలేదు. రెండో చేత్తో లాగితే ఆ చేతికి అంటుకుంది.