భోజన్న పెట్టె మీద జుట్టు

“చచ్చినవాడికి కళ్ళెందుకు?” అని మా ముదీర్, అంటే మేనేజరు, క్యాంపు హిందీలో అడిగాడు.

“తొవ్వ సూసుకోవద్దా సాబ్?” అన్నాడు పర్శరాములు, కుంచె ఆపకుండా.

చెక్క కనబడితే కళ్ళు పెట్టడం పర్శరాములు జబ్బు. నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులేసిన చెయ్యి అది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా కంపెనీ వడ్రంగి షెడ్డుకు వచ్చాక స్టూళ్ళకు కళ్ళు, తలుపులకు కళ్ళు, చివరికి నా గుమాస్తా బల్లకూ కళ్ళు. అవి చూస్తుండగా జీతాల పట్టీ రాశాను; నాలుగేళ్ళలో ఒక్క తప్పు పోలేదు.

జబ్బును ముదరబెట్టింది ముదీరే. ఆయనది కైరో. 1979లో షెడ్డులో ఆయన కుర్చీ వెనక గోడమీద ఒక క్యాలెండర్ వేలాడేది, నెలకొక పాతకాలపు ఈజిప్టు శవపేటికతో. జనవరిలో పెట్టె పక్కన రెండు కళ్ళు. లోపలివాడు సూర్యోదయం చూడాలట. మార్చిలో మూతమీద ముఖం. నెల మారితే చాలు, మావాడి పని పెరిగేది.

ఆ మార్చిలోనే మా షెడ్డులో పనిచేసే భోజన్న గుండె ఆగి పోయాడు. ఇక్కడికొచ్చాక జుట్టంతా రాలి నున్నటి బట్టతల అయిన మనిషి. నెలకొక సీసా తలనూనె రాస్తూ, జుట్టు మొలిచాకే పెళ్ళానికి కనబడతానని ఆరేళ్ళు సెలవు వాయిదా వేశాడు. ఊరికి పంపే పెట్టె పర్శరాములు చేశాడు. కళ్ళు పెట్టాడు, ముఖం గీశాడు, ఆపైన ఒత్తుగా నల్లటి జుట్టు వేసి పాపిడి తీశాడు. మేం నవ్వాం. చావు దగ్గర నవ్వకూడదంటారు. అలా అనేవాళ్ళెవరూ పెట్టె మొయ్యడానికి రాలేదు.

కాగితాల్లో బట్టతలవాడు, మూతమీద ఇంకొకడా, పెట్టెకు నంబరొక్కటి చాలు అని ముదీర్ మండిపడ్డాడు. చిత్రిక పట్టే రందాతో రంగంతా లేపెయ్, లేదంటే నీ ఉద్యోగం ఖలాస్ అన్నాడు. విమానాశ్రయానికి పోయే బండి బయట హారన్ కొడుతోంది. పర్శరాములు రందా తెచ్చి ముదీర్ చేతిలోనే పెట్టాడు.

“మీరే పట్టుండ్రి సాబ్. మీ గోడ మీదోనికి బొమ్మ, మా భోజన్నకు నంబరా?”

“ఆయన రాజు.”

“గీయన నాకు బావైతడు.”

హిందీలోకి మార్చే పని నాది. ఒక్క మాటా మెత్తబరచలేదు. ముదీర్ గోడవైపు చూశాడు, రందావైపు చూశాడు, దాన్ని కింద పెట్టి “యల్లా, పోనీ” అని బండివాణ్ణి కేకేశాడు. ఓడినట్టు కనబడకూడదు కనుక, రంగు ఖర్చు నలభై దిర్హాములు పర్శరాములు జీతంలో కొయ్యమన్నాడు.

నెల తర్వాత భోజన్న భార్య సమ్మవ్వ రాయించిన ఉత్తరం వచ్చింది. నేనే చదివి వినిపించాను. “తమ్మీ, పెట్టె తెరవొద్దన్నరు. మూత మీద సూసుకున్న. ఎంటికలు రాలినయని గన్ని ఉత్తరాలు రాసిండు, ఉత్త అబద్ధాలకోరు. ఊరిడిసి పొయ్యిన్నాడు ఎట్లుండెనో గట్లనే వచ్చిండు.”

పర్శరాములు తల గోక్కున్నాడు.

“గన్ని సీసాల నూనె రాసిండు గదా. ఎన్నడన్న పనిచెయ్యాలె.”

ఆ నలభై దిర్హాములు కంపెనీ అతనికి ఇంకా బాకీ.